జడ వేసుకోలేని చెయ్యి

శ్రీసిటీ నుంచి ఒక సోదరి ఉత్తరం రాశారు. పేరు వెయ్యవద్దన్నారు, వెయ్యటం లేదు. నాలుగు పుటల ఉత్తరం అది. అందులో ముఖ్యమైన భాగం ఇది:

"అక్కయ్యగారికి నమస్కారాలు. నాకు నలభై ఆరేళ్ళు. మాది సత్యవేడు దగ్గర పల్లె. ఇక్కడ ఒక ఫాక్టరీలో ఆరేళ్ళుగా పని చేస్తున్నాను. సంక్రాంతి వెళ్ళినప్పటినుంచీ ఎడమ భుజం నొప్పి. మొదట్లో రాత్రి ఆ పక్కకు తిరిగి పడుకుంటే నొప్పి పుట్టేది. ఇప్పుడు నొప్పి సంగతి అటుంచి, చెయ్యే లేవటం మానుకుంది. జడ వేసుకోలేను. వీపు వెనక్కు చెయ్యి పోదు. కంపెనీ బస్సులో పై కడ్డీ పట్టుకోలేను. మందుల షాపులో మాత్రలు అడిగి తెచ్చుకొని మింగుతున్నాను. ఎక్స్‌రే తీయిస్తే ఎముక బాగానే ఉందన్నారు. ఎముక బాగుంటే చెయ్యి ఎందుకు లేవదని ఇంట్లో అడుగుతున్నారు. మా అత్తగారు పుత్తూరు పోయి కట్టు కట్టించుకొమ్మంటున్నారు. మా ఆయన పైకి ఏమీ అనరు గాని, పని తప్పించుకోవటానికేనేమోనన్న అనుమానం ఆయన మొహంలో కనిపిస్తుంది. సూపర్వైజరుకు చెబితే పనిలోంచి తీసేస్తారేమోనని భయం. నా చెయ్యి పడిపోయినట్టేనా? మళ్ళీ వస్తుందా?"

సోదరీ, మీ ఆఖరు ప్రశ్నకే ముందు జవాబు చెబుతాను. ఎంచేతంటే, ఆ భయంతోనే మీకు సగం నిద్ర కరువైనట్టుంది. మీ చెయ్యి పడిపోలేదు. మీరు రాసినదంతా చూస్తే ఇది పక్షవాతం లాగా లేదు, ఎముక విరుగుడూ కాదు. డాక్టర్లు 'ఫ్రోజెన్ షోల్డర్' అనే జబ్బు లక్షణాలు మీ ఉత్తరంలో వరసగా ఉన్నాయి. మన ఇళ్ళలో 'భుజం పట్టేసింది' అంటాం. ఇది ప్రాణం తీసే జబ్బు కాదు. చాలామందికి చెయ్యి తిరిగి వస్తుంది. అయితే రాత్రికి రాత్రి రాదు. నెలల లెక్కన వస్తుంది. ఈ మాట మీరూ, మీ ఇంట్లో వాళ్ళూ కలిసి చదవండి.

పాత జబ్బుకు కొత్త ఊరు

శ్రీసిటీ అంటే ఇంకా తెలియని పాఠకుల కోసం రెండు మాటలు. తడ దగ్గర, తమిళనాడు సరిహద్దును ఆనుకొని, 2008లో మొదలైన పారిశ్రామిక నగరం అది. సత్యవేడు, వరదయ్యపాళెం మండలాలు పూర్వం చిత్తూరు జిల్లాలోవి. తడ నెల్లూరు జిల్లాలోది. 2022 ఏప్రిల్‌లో తిరుపతి జిల్లా ఏర్పడినప్పుడు ఇవన్నీ అందులోకి వచ్చాయి. చాక్లెట్ల దగ్గరనుంచి సెల్ ఫోన్ల దాకా, రైలు పెట్టెల దాకా అక్కడ తయారవుతాయి. చుట్టుపక్కల పల్లెలనుంచి వేలకొద్దీ ఆడవాళ్ళు షిఫ్టు బస్సులెక్కి పనికి వెళుతున్నారు.

అంచేత చాలామంది అడిగే ప్రశ్న ఒకటుంది: ఈ జబ్బు ఫాక్టరీ పనివల్ల వచ్చిందా అని. నిజం చెప్పాలంటే, దీన్ని పనిమీదకు నెట్టివెయ్యటానికి వీల్లేదు. చేతులెత్తి గంటల తరబడి పని చేసేవారికి భుజంలోని నరాలు, అంటే కండరాన్ని ఎముకకు కట్టే పట్టీలు, అరిగి నొప్పి చెయ్యటం వేరు. అది కూడా ఉన్నదే. భుజం పట్టెయ్యటం మాత్రం కలం తప్ప పట్టని గుమాస్తాకూ వస్తుంది, గరిటె తప్ప పట్టని గృహిణికీ వస్తుంది. పనిచేసే కుడి చేతికంటె ఎడమ చేతికే కాస్త ఎక్కువగా వస్తుందని కూడా గమనించారు.

రవిక చంక బిగిసినట్టు

మన శరీరంలో అన్ని కీళ్ళకంటె స్వేచ్ఛగా తిరిగేది భుజం కీలు. చిన్న మూకుట్లో తిరుపతి లడ్డు పెట్టినట్టు, లోతు లేని గుంటలో పెద్ద గుండు అమరి ఉంటుంది. ఆ గుండు జారిపోకుండా చుట్టూ పల్చటి సంచి ఒకటి ఉంది. రవిక కుట్టే దర్జీ చంక దగ్గర కాస్త గుడ్డ వదులుగా వదులుతాడు చూశారూ? అది లేకపోతే చెయ్యి లేవదు. సరిగ్గా అలాగే ఈ సంచికి కూడా చంక వైపున ఒక మడత ఉంది. చెయ్యి పైకెత్తినప్పుడు ఆ మడత విప్పుకుంటుంది.

ఈ జబ్బులో ముందు సంచి వాస్తుంది. అప్పుడు నొప్పి. తరువాత దళసరెక్కి, ముడుచుకుపోయి, ఆ మడత అంటుకుపోతుంది. మామూలుగా 15 నుంచి 30 మిల్లీలీటర్ల ద్రవం పట్టవలసిన సంచి 10 మిల్లీలీటర్లయినా పట్టనంతగా చిక్కిపోతుంది. ఉతికిన రవిక పొట్టిదయితే మీరేం చేస్తారు? చెయ్యి బలంగా పైకెత్తితే కుట్లు చిటుక్కుమంటాయి. కీలులో కూడా అంతే.

ఎక్స్‌రేలో ఎముక కనిపిస్తుందిగాని ఈ సంచి కనిపించదు. అందుకే 'ఫోటో బాగుంది' అన్నారు. ఫోటో బాగున్నంతమాత్రాన జబ్బు లేదని కాదు, ఎముక అరుగుదలో, విరుగుడో కాదని మాత్రమే అర్థం. మీ ఇంట్లో వాళ్ళ అనుమానానికి ఇదీ జవాబు.

వాళ్ళకు ఇంకా నమ్మకం కుదరకపోతే ఒక పరీక్ష ఉంది. రెండు మోచేతులూ పక్కటెముకలకు ఆనించి, మోచెయ్యి మడిచి, అరచేతులు ఒకదానికొకటి ఎదురుగా పెట్టండి. ఇప్పుడు మోచేతులు కదలకుండా రెండు చేతులూ బయటికి తెరవండి, తలుపు రెక్కలు తెరిచినట్టు. మంచి చెయ్యి తెరుచుకుంటుంది, పట్టేసిన చెయ్యి మధ్యలోనే ఆగిపోతుంది. మీవారినే ఆ చేతిని నెమ్మదిగా తెరవమనండి. ఆయన తెరిచినా తెరుచుకోదు. బద్ధకంవల్ల లేవని చెయ్యి అయితే ఎదటివాళ్ళు లేపితే లేవాలి గదా? మీరు తెరిచినా, మరొకరు తెరిచినా ఒకేచోట ఆగిపోవటమే ఈ జబ్బుకు గుర్తు.

పేరు పెట్టినవారు

ఫ్రెంచి డాక్టరు డ్యూప్లే 1872లోనే దీన్ని వర్ణించాడు. 'ఫ్రోజెన్ షోల్డర్' అనే పేరు పెట్టినవాడు అమెరికాలో బోస్టన్ నగరపు శస్త్రవైద్యుడు ఎర్నెస్ట్ కాడ్‌మన్, 1934లో. నిర్వచించటమూ, నయం చెయ్యటమూ, ఎందుకొచ్చిందో చెప్పటమూ మూడూ కష్టమేనని ఆయన దాపరికం లేకుండా ఒప్పుకున్నాడు. 1945లో జూలియస్ నెవియాజర్ అనే డాక్టరు జబ్బు ఈ సంచిలో ఉందని చూపించాడు. ఇన్నేళ్ళు గడిచినా ఎందుకు మొదలవుతుందన్నది చాలామంది విషయంలో అంతుపట్టలేదు. ఎవరికి వస్తుందో మాత్రం బాగా తెలుసు. నూటికి 2 నుంచి 5 మందికి జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది. ఎక్కువగా 40, 60 ఏళ్ళ నడుమ. మగవారికంటె ఆడవారికి ఎక్కువ. చెయ్యి విరిగో, ఆపరేషన్ అయ్యో కొన్నాళ్ళు కదపకుండా ఉంచినవారికీ, థైరాయిడ్ జబ్బు ఉన్నవారికీ, అన్నిటికంటె ముఖ్యంగా షుగరు ఉన్నవారికీ.

భుజం చెప్పే చాడీ

ఈ షుగరు మాట దగ్గర కాస్త ఆగాలి. మధుమేహం ఉన్నవారిలో నూటికి 10 నుంచి 20 మందికి భుజం పట్టేస్తుందని లెక్క. వారికి రెండో భుజానికి కూడా పాకే అవకాశం ఎక్కువ, తగ్గటం ఆలస్యం. మన దేశంలో 10 కోట్ల మందికి పైగా మధుమేహం ఉన్నదని 2023లో ప్రకటించిన భారత వైద్య పరిశోధన మండలి వారి అధ్యయనం తేల్చింది. ఇందులో ఆ సంగతి తమకే తెలియనివారు తక్కువేమీ కాదు. కొందరికి భుజమే ముందుగా చాడీ చెబుతుంది.

సోదరీ, మీ నాలుగు పుటల ఉత్తరంలో ఎక్కడా షుగరు చూపించుకున్నానని రాయలేదు. రేపే చూపించుకోండి. పరగడుపున ఒకసారి, భోజనమైన రెండు గంటలకు ఒకసారి. దానితోపాటు మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బిఎ1సి పరీక్ష కూడా. థైరాయిడ్ పరీక్ష చేయించమని డాక్టరు గారిని అడగండి. భుజం కోసం వెళ్ళి కళ్ళూ, మూత్రపిండాలూ కాపాడుకున్నవారవుతారు. షాపులో అడిగి తెచ్చుకునే నొప్పి మాత్రలు నెలల తరబడి మింగటం మాత్రం ఇవాళే ఆపండి. కడుపులో పుండు పడేదీ, మూత్రపిండాలు చెడేదీ వాటివల్లనే. డాక్టరు చూసి, ఇన్ని రోజులని చెప్పి ఇస్తే సరే.

మూడు కాలాలు

ఈ జబ్బుకు మూడు దశలు. మొదటిది నొప్పి కాలం. ఆరు వారాలనుంచి తొమ్మిది నెలల దాకా ఉండవచ్చు. రాత్రిళ్ళు నిద్ర పట్టదు, చెయ్యి రోజురోజుకూ బిగుస్తుంది. రెండవది బిగుసు కాలం. నొప్పి తగ్గుతుంది గాని చెయ్యి కదలదు. ఇది నాలుగు నెలలనుంచి ఏడాది దాకా. మూడవది విడుపు కాలం. బిగుసు మెల్లమెల్లగా సడలుతుంది. ఆరు నెలలనుంచి రెండేళ్ళు పడుతుంది.

'దానంతటదే పోతుందట, వదిలెయ్యండి' అనేవారున్నారు. అది పూర్తిగా నిజం కాదు. ఇంగ్లండులో ఆక్స్‌ఫర్డు డాక్టర్లు తమ రోగులను సగటున నాలుగేళ్ళకు పైగా కనిపెట్టి చూసి 2008లో ప్రకటించిన లెక్క ఇది: నూటికి 59 మందికి భుజం మామూలు స్థితికో, దాదాపు మామూలు స్థితికో వచ్చింది. తక్కిన 41 మందికి ఏదో కొంత మిగిలింది. అయితే వారిలో నూటికి 94 మందికి మిగిలింది స్వల్పమే. అంచేత భయపడనూ వద్దు, అశ్రద్ధ చెయ్యనూ వద్దు.

కట్టు వద్దు, కదలిక కావాలి

ఇప్పుడు మీ అత్తగారి మాట. ఆవిడ మీ మేలు కోరే చెప్పారు. పుత్తూరు కట్టు పేరు మన సీమలోనే కాదు, తమిళ, కన్నడ దేశాల్లో కూడా ఎరగనివారు లేరు. విరిగిన ఎముక కదలకుండా ఉంచటం ఏ కట్టుకైనా అసలు పని. కాని మీకు విరిగిందేముంది? మీ జబ్బే కదలకపోవటం. కదలని కీలును మరింత కదలకుండా కట్టేస్తే ఏమవుతుందో వేరే చెప్పాలా? పుత్తూరు కట్టయినా, ఆసుపత్రిలో వేసే జోలె అయినా, మెడలో వేసుకునే తువ్వాలయినా ఒకటే. మీ అత్తగారికి ఇలా చెప్పి చూడండి: "తలుపు బంధు తుప్పు పడితే తాళం వేస్తామా, నూనె వేసి మెల్లగా ఆడిస్తామా అత్తమ్మా?" అని. పెద్దవారు, అర్థం చేసుకుంటారు.

దీనికి ఎదురు తప్పు ఇంకొకటుంది. బలవంతాన చెయ్యి పట్టి లాగటం, మోకాలితో తొక్కించుకోవటం, కళ్ళనీళ్ళు కారేలా మర్దన చేయించుకోవటం. 2004లో హాలెండు డాక్టర్లు 77 మంది రోగులతో ఒక పరిశీలన చేశారు. కొందరికి నొప్పిని దాటి బలంగా సాగదీసే వ్యాయామం చేయించారు. కొందరికి ఓర్చుకోగలిగినంతలోనే మెల్లగా కదిలించమని చెప్పారు. రెండేళ్ళయ్యాక చూస్తే, మెల్లగా చేసినవారిలో నూటికి 89 మంది దాదాపు మామూలు స్థితికి వచ్చారు. బలంగా చేసినవారిలో 63 మందే. వాచిన సంచిని గింజులాడితే మరింత వాస్తుంది.

ఇంట్లో చేసుకునే సాధన

ఫిజియోథెరపిస్టు ముందు మీ చెయ్యి ఎటు ఎంత తిరుగుతుందో కొలుస్తారు. మీరు ఏ దశలో ఉన్నారో చూసి, ఏ వ్యాయామం ఎంత చెయ్యాలో చెబుతారు. కొన్ని కదలికలు తమ చేత్తో చేయిస్తారు. మీరు వారానికి రెండుసార్లు వారి దగ్గర గడిపేది గంటో, గంటన్నరో. మిగిలిన వారమంతా భుజం మీ దగ్గరే ఉంటుంది. అంచేత అసలు వైద్యం ఇంట్లో జరిగేదే. డాక్టరు చూసి ఇది భుజం పట్టెయ్యటమేనని చెప్పిన తరువాత, సాధారణంగా నేర్పేవి ఇవి:

వేడినీళ్ళ స్నానమయ్యాకనో, వేడినీళ్ళలో ముంచి పిండిన తువ్వాలు పది నిమిషాలు భుజంమీద వేసుకున్నాకనో మొదలుపెట్టండి. షుగరు ఉన్నవారికి స్పర్శ మందగించి ఉండవచ్చు. వేడి ఎంతుందో మరొకరి చేత చూపించుకోండి.

ఒకటి, లోలకం. మంచి చెయ్యి బల్లమీద ఆనించి, నడుము వంచి, పట్టేసిన చెయ్యి బావిలో చేద వేలాడినట్టు వదిలెయ్యండి. చేతిని మీరు ఊపకూడదు. ఒళ్ళు మెల్లగా ఊపితే చెయ్యే ఊగుతుంది. ముందుకూ వెనక్కూ పది, పక్కలకు పది, చిన్న సున్న చుట్టినట్టు ఇటు పది, అటు పది. నొప్పి కాలంలో కూడా చెయ్యదగినది ఇది. దీనికి కాడ్‌మన్ పేరే నిలిచిపోయింది.

రెండు, బల్ల తుడవటం. కుర్చీలో కూర్చొని, బల్లమీద గుడ్డ పరచి, దానిమీద చెయ్యి పెట్టి మెల్లగా ముందుకు తోసుకుంటూ ఒంటిని వంచండి. బిగిసినచోట ఆగి, పది అంకెలు లెక్కపెట్టి, వెనక్కు రండి.

మూడు, కర్ర. వెల్లకిలా పడుకొని, మోచేతులు ఒంటికి ఆనించి, రెండు చేతులా ఒక కర్ర పట్టుకోండి. మంచి చేత్తో కర్రను తోస్తూ, పట్టేసిన చేతిని బయటి వైపుకు తెరవండి. ఇందాక చెప్పిన తలుపు రెక్క ఇదే. అన్నిటికంటె ముందు పోయేదీ, పట్టుబట్టి తెచ్చుకోవలసినదీ ఈ కదలికే.

నాలుగు, గోడ ఎక్కటం. గోడకు ఎదురుగా నిలబడి, వేళ్ళతో సాలీడు పాకినట్టు పైకి పాకించండి. భుజం చెవిదాకా ఎగరేసి మోసం చెయ్యకూడదు! ఎంతవరకు వెళ్ళిందో గోడమీద బొగ్గుతో గీత పెట్టండి. వారానికొక గీత. నెల తిరిగేసరికి గోడే మీకు ధైర్యం చెబుతుంది.

ఐదు, వీపు తువ్వాలు. ఇది నొప్పి తగ్గి బిగుసు మిగిలినప్పుడు మాత్రమే. వీపు వెనక తువ్వాలు ఒక కొస మంచి చేత్తో భుజంమీదనుంచి, రెండో కొస పట్టేసిన చేత్తో నడుము దగ్గర పట్టుకొని, పై చేత్తో మెల్లగా పైకి లాగండి. రవిక వెనక్కు చెయ్యి పోయే దారి ఇదే.

రోజుకు రెండు, మూడుసార్లు, పదేసి నిమిషాలు చాలు. ఎంత నొప్పిదాకా చెయ్యవచ్చు? చేసిన అరగంటకల్లా నొప్పి సర్దుకుంటే మోతాదు సరిపోయింది. ఆ రాత్రి నిద్ర పట్టనంత నొప్పి వస్తే మోతాదు మించింది. మర్నాడు సగం చెయ్యండి. మానెయ్యవద్దు.

సూదిమందు, ఆపరేషన్

నొప్పి మరీ ఎక్కువగా ఉన్న మొదటి దశలో కీలులోకి స్టెరాయిడ్ సూదిమందు ఇస్తే కొన్ని వారాలపాటు నొప్పి బాగా తగ్గి, వ్యాయామం చెయ్యటానికి వీలు చిక్కుతుంది. స్టెరాయిడ్ అనగానే బెదరనక్కరలేదు. షుగరు ఉన్నవారికి మాత్రం కొద్దిరోజులు షుగరు పెరుగుతుంది. ముందే డాక్టరుకు చెప్పి, ఆ రోజుల్లో పరీక్ష చేసుకుంటూ ఉండాలి. కొన్నిచోట్ల సంచిలోకి నీరు ఎక్కించి వదులు చేస్తారు. మత్తుమందిచ్చి చెయ్యి కదిల్చి విడదీయటం, చిన్న గొట్టం పంపి సంచిని కోసి వదులు చెయ్యటం అనే ఆపరేషన్లు కూడా ఉన్నాయి.

ఆపరేషన్ అయితే ఒక్కరోజులో వదిలిపోతుందని ఆశపడేవారు ఈ సంగతి వినాలి. బ్రిటనులో 35 ఆసుపత్రులలో 503 మంది రోగులను మూడు వర్గాలుగా చేసి, ఒక వర్గానికి సూదిమందుతో ఫిజియోథెరపీ, తక్కిన రెంటికి రెండు రకాల ఆపరేషన్లు చేసి చూశారు. ఏడాది అయ్యాక, రోగికి చెప్పుకోదగ్గంత తేడా మూడింటి నడుమా కనిపించలేదని 2020లో ప్రకటించారు. ఆపరేషన్ అయినవారికి కూడా తరువాత వ్యాయామం తప్పదు. కనుక ముందు తొక్కవలసిన మెట్టు ఏదో తేలిపోయింది. నెలల తరబడి శ్రద్ధగా చేసినా చెయ్యి కదలని కొద్దిమందికే ఆపరేషన్ మాట.

ఇంట్లో, పనిలో

రవిక వేసుకునేటప్పుడు పట్టేసిన చెయ్యి ముందు, విప్పేటప్పుడు ఆఖరున. ముందు హుక్కులున్న రవికలే కొన్నాళ్ళు. పడుకునేటప్పుడు ఆ చేతికింద మెత్తటి దిండు పెట్టుకోండి. పప్పు డబ్బాలు పై అరనుంచి కింది అరకు దించండి. బట్టలారేసే తాడు నాలుగు జానలు కిందికి కట్టించండి. బస్సులో మంచి చేతి పక్కన కడ్డీ ఉండేలా నిలబడండి, వీలయితే కూర్చోండి. ఇక జడ సంగతి: మీకు కూతురుంటే ఆమె వేస్తుంది. లేకపోతే మీవారే నేర్చుకోవచ్చు. మూడు పాయల జడ, ఏమంత బ్రహ్మవిద్య!

పనిలో చెప్పటానికి భయపడుతున్నారు. దాచిపెట్టి బరువులెత్తితే భుజమూ పాడవుతుంది, పనీ పాడవుతుంది. డాక్టరు చేత 'కొన్నాళ్ళు భుజానికి పైన చెయ్యి ఎత్తే పని, బరువులెత్తే పని వద్దు' అని రాయించుకొని, ఆ కాగితం ఇచ్చి పని మార్చమని అడగండి. నోటిమాటకంటె కాగితానికి విలువ. మీ జీతం చీటీలో ఇ.ఎస్.ఐ. కోత ఉందేమో చూడండి. ఉంటే మీ వైద్యం ఖర్చు ఆ సంస్థది. కంట్రాక్టరు కింద పని చేసేవారికి కూడా అది వర్తిస్తుంది. డాక్టరు సెలవు అవసరమని ధ్రువీకరిస్తే, చందా షరతులకు లోబడి, వేతనంలో నూటికి 70 వంతున ఏడాదిలో 91 రోజుల దాకా భత్యం కూడా ఇస్తారు. తిరుపతిలో ఇ.ఎస్.ఐ. ఆసుపత్రి ఉంది. అదిగాక ప్రభుత్వ రుయా ఆసుపత్రి, స్విమ్స్, ఎముకలూ కీళ్ళ వైద్యానికి దేవస్థానంవారి బర్డ్ ఆసుపత్రి తిరుపతిలోనే ఉన్నాయి. ముందు ఒక ఎముకల డాక్టరు చూడాలి, తరువాత ఫిజియోథెరపిస్టు. ఆ వరస తప్పవద్దు.

ఒక హెచ్చరిక. భుజం నొప్పితోపాటు జ్వరం, కీలు ఎర్రబడటం, గడ్డ కనిపించటం, కారణం లేకుండా చిక్కిపోవటం, చేతివేళ్ళు తిమ్మిరెక్కి పట్టు తప్పటం ఉంటే అది ఈ జబ్బు అనుకొని కూర్చోకూడదు. వెంటనే చూపించుకోవాలి.

మరి కొన్ని ఉత్తరాలు

*మాస్టారు, చిత్తూరు:* "వయస్సు 68. నెల కిందట బాత్‌రూములో జారిపడ్డాను. కుడిచెయ్యి నా అంతట నేను ఎత్తలేను. మా మనవడు పట్టి ఎత్తితే పూర్తిగా లేస్తుంది. ఇదీ భుజం పట్టెయ్యటమేనా?" కాదేమో మాస్టారూ. ఇతరులు ఎత్తితే లేస్తున్నదంటే సంచి వదులుగానే ఉంది. చేతిని ఎత్తే కండరపు పట్టీ తెగి ఉండవచ్చు. స్కానింగులో తెలుస్తుంది. ఆలస్యమైతే అతకటం కష్టం. ఈ వారమే ఎముకల డాక్టరుకు చూపించండి.

*ఒక వ్యాపారి, శ్రీకాళహస్తి:* "మెట్లెక్కితే ఎడమ భుజమూ, దవడా లాగుతున్నాయి, చెమట పడుతుంది. నిలబడితే తగ్గుతుంది. ఏ వ్యాయామం చెయ్యమంటారు?" ఏ వ్యాయామమూ వద్దు! చెయ్యి కదిపితే కాక, నడిస్తే వచ్చే నొప్పి భుజానిది కాదు, గుండెది కావచ్చు. ఇవాళే ఆసుపత్రికి వెళ్ళండి. కూర్చున్నప్పుడు కూడా నొప్పి వచ్చి తగ్గకపోతే 108కి ఫోను చెయ్యండి. ఈ జవాబు పత్రికలో చదివేదాకా ఆగవద్దని మీకు విడిగా కూడా రాశాను.

*విద్యార్థిని, వరదయ్యపాళెం:* "ఇంటర్మీడియెట్ బై.పి.సి. చదువుతున్నాను. ఫిజియోథెరపీ చదువు ఆడపిల్లలకు తగునా?" ఎందుకు తగదమ్మా? 1894లో లండనులో ఈ వృత్తికి సంఘం పెట్టినవారే నలుగురు నర్సులు. తిరుపతి స్విమ్స్‌లోనే ఫిజియోథెరపీ కళాశాల ఉంది. మీ మండలంలోనే ఎంతమంది అమ్మలూ, అక్కలూ పట్టేసిన చేతులతో బస్సులెక్కుతున్నారో చూస్తూనే ఉన్నారుగా. చదవండి. తిరిగి వచ్చి మీ ఊళ్ళోనే బోర్డు కట్టండి.